నది దాటితే చెల్లని కోర్టు

ఆ మంగళవారం పొద్దున గల్ఫ్‌లోని సోహార్‌లో లింబాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్యూటీకి పోతూ క్యాంప్ బాస్ ఎహసాన్ చేత సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి, శుక్రవారం విమానం ఎక్కాలి, ఏడు నెలల కూతుర్ని మొదటిసారి ఎత్తుకోవాలి. ఎత్తుకోవడం ఎలాగో రెండు రోజులుగా దిండుతో సాధన చేస్తున్నాడు కూడా.

అంతలో ఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. పైన గద్ద ముద్ర, కింద లింబాద్రి పేరు, లోపలంతా జర్మన్ భాష. రూమ్‌లో నాలుగక్షరాలు తెలిసినవాడు మొయినుద్దీన్. అతను ఫోన్‌తో ఫొటో తీసి మొదటి రెండు లైన్లు తర్జుమా చేయించాడు.

"అరే భాయ్, ఇది కోర్టు కాగితం! పదిహేను దినాలల్ల జవాబు ఇయ్యాల్నంట."

"కోర్టా? నేనేం జేసిన్నే?"

"ఆ జర్మన్ ఇంజనీర్ క్లాస్ సాబ్‌ది ఏమన్న పలగ్గొట్టినవా?"

"చాయ్ ఫ్లాస్క్ మూత పలిగింది. గది గూడ చెయ్యి జారి!"

మిగతాది చదవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కేసు ఉంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారన్న భయం గల్ఫ్‌లో అందరికీ ఉన్నదే. పదింటికల్లా సైట్‌లో ఆ నోటా ఈ నోటా పడి ఆ ఫ్లాస్క్ మూత జనరేటర్ అయింది. మధ్యాహ్నానికి జనరేటర్ పేలింది. సాయంత్రానికి పాపం క్లాస్ ఆసుపత్రి పాలయ్యాడు.

ఎహసాన్ కడపవాడు, జాగ్రత్త ఎక్కువ. "కేసు తీర్చుకోని రాప్పా, అప్పుడు సంతకం జేస్తా. రేప్పొద్దున నా మెడకు జుట్టుకుంటే ఎవురు జూస్తారు?" అన్నాడు. లింబాద్రికి ఏడుపొచ్చింది. ఆ రోజు దిండు జోలికి పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మొయినుద్దీన్ తెగించి క్లాస్‌కే వీడియో కాల్ చేశాడు. నిరుడు రిటైరైన క్లాస్ లిండెన్‌బాఖ్ అనే తన చిన్న ఊళ్లో, కోర్టు ఎదుట బెంచీ మీద నిక్షేపంగా ఎండ కాగుతున్నాడు. సైట్‌లో నేర్చిన హిందీలో తాపీగా చెప్పుకొచ్చాడు. ఆ కోర్టు ఒకప్పుడు ఎవరో ప్రభువు గోధుమలు దాచుకున్న కొట్టు. నూట నలభై ఏళ్లుగా అక్కడ గోడ దాటిన ఆపిల్ కొమ్మల తగువులు తీరుస్తున్నారు. దాని అధికారం ఆ ఊరికీ, చుట్టూ ఉన్న పదకొండు పల్లెలకే. నది దాటితే దాని మాట చెల్లదు. వింటూ వింటూ లింబాద్రి భయం మరచిపోయాడు. ఎర్ర పెంకుల కింద పావురాలు కునికే ఆ వీధిలో తానూ చెప్పులు లేకుండా నడుస్తున్నట్టనిపించింది.

"మరి నా పేరెందుకున్నది సార్?"

మధ్యాహ్నం విరామంలో అట్టముక్క పరుచుకుని కునుకు తీయడం క్లాస్‌కు నేర్పింది లింబాద్రే. ఊరికి వెళ్లాక ఆయన ఒక కునుకు సంఘం పెట్టాడు. కోర్టులో నమోదు చేయించడానికి ఏడుగురు కావాలి, ఊళ్లో ఆరుగురే దొరికారు. ఏడో పేరు గురువుగారిది రాశాడు. అందుకు సమ్మతమేనా అని కోర్టు అడిగిందంతే.

లింబాద్రి సమ్మతమేనన్నాడు. ఎహసాన్ సంతకం ఆపిన సంగతి విని క్లాస్ బెంచీ మీంచి లేచి కోర్టులోకి నడిచాడు. అరగంటలో ముద్ర వేసిన కాగితం ఫోన్‌కు వచ్చింది: లింబాద్రి మీద ఏ కేసూ లేదు, ఈ కోర్టు పరిధి ఈ కింది పల్లెల వరకే. ఎహసాన్ పదకొండు పేర్లూ రెండుసార్లు తర్జుమా చేయించి, అందులో సోహార్ లేదని రూఢి చేసుకుని సంతకం పెట్టాడు. ఆపైన గొంతు తగ్గించి, "ఆ సంగంలో ఇంగొకరికి చోటుంటాదా?" అన్నాడు.

శనివారం పొద్దున లింబాద్రి ఇల్లు చేరేసరికి పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది.

"లేపుతా ఆగు, నాయిన మొకం సూడనీ" అంది భార్య రజిత.

"వద్దే, పండనీ."

అతను ఉయ్యాల పక్కన కింద కూర్చుని, ఆ చిన్న పిడికిలిని చూసుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, సంతోషంతో అలాగే గోడకు ఒరిగి నిద్రపోయాడు.

ఎహసాన్ అడిగిన ఆ ఎనిమిదో చోటు ఉయ్యాల్లోని పాపతో భర్తీ అయిపోయిందని లిండెన్‌బాఖ్ కోర్టుకు ఇంకా ఎవరూ రాయలేదు.