చేతి పొడవు ఇరవై అయిదున్నర

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ప్రవాస దంపతుల సంక్షేమ శాఖ మంత్రిగారు ఒక ప్రకటన చేశారు. విదేశీ పౌరసత్వం ఉన్న భర్తకో భార్యకో విజిటర్ వీసా కావాలని దరఖాస్తు పెట్టుకుంటే ఇకపై ఇరవై ఒక్క రోజుల్లో ఇస్తారు. పథకం పేరు ‘జంట స్వాగతం’. ప్రేమకు సరిహద్దులు లేవని, ఉన్న సరిహద్దులు తన శాఖ చూసుకుంటుందని మంత్రిగారు అన్నారు. సిబ్బంది మొత్తం చప్పట్లు కొట్టారు. ఆ రోజు హాజరు పట్టీ ఆ హాల్లోనే పెట్టారు.

అదే సమయానికి బస్టాండు వెనక వీధిలో, యూనిఫారాలు కుట్టే దర్జీ ఒకామె సెక్యూరిటీ గార్డు చొక్కాకు కాజాలు కుడుతూ రేడియో వింటోంది. ఆమెకు ఏడో నెల. భర్త సముద్రం అవతలి దేశపు పౌరుడు, అక్కడే ఒక ఓడరేవులో క్రేను నడుపుతాడు. పెళ్లయి మూడేళ్లు. ఇన్నాళ్లూ ఆమే వెళ్లి వస్తోంది. ఇక విమానం ఎక్కొద్దని డాక్టరు చెప్పింది. అందుకని కాన్పుకి ఆయన్నే రమ్మని ఈమె అడిగింది. ఆయనకు మూడు వారాల సెలవు కూడా దొరికింది. ఇక కావలసింది వీసా ఒక్కటే.

“ఇరవై ఒక్క రోజులంట పిన్నీ,” అంది.

పక్కన గుండీలు ఏరుతున్న పిన్ని తలెత్తలేదు. “మంత్రి నోట ఇంత చిన్న అంకె వినడం ఇదే మొదలు. పద, మార్చేలోపే వెళ్దాం.”

మర్నాడు ఇద్దరూ శాఖ కార్యాలయానికి వెళ్లారు. మూడో నంబరు గదిలో సూపరింటెండెంటు ఉన్నారు. నిష్ఠ గల మనిషి. ఏ కాగితం ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి, వెనక ఏమీ రాసి లేదని తేల్చుకున్నాకే ముందు వైపు చదువుతారు.

“పెళ్లి సర్టిఫికెట్, ఫొటోలు, ఫోను రికార్డులు. అన్నీ ఉన్నాయమ్మా. కానీ ఇవి ఎవరి దగ్గరైనా ఉంటాయి.”

“ఎవరి పెళ్లి సర్టిఫికెట్ వాళ్ల దగ్గరే ఉంటుంది కదండీ.”

“బంధం నడుస్తోందని మాకు తెలియాలి. భార్యకి మాత్రమే తెలిసే సంగతి ఏదైనా చూపించండి.”

ఆమె తన పొట్ట వైపు చూసుకుంది. సూపరింటెండెంటు కూడా చూశారు.

“దానికి ఫారంలో కాలమ్ లేదమ్మా,” అన్నారు.

ఆమె కాసేపు ఆలోచించి సంచిలోంచి కొలతల పుస్తకం తీసింది. మూడో పేజీ భర్తది. భుజం పద్దెనిమిది, ఛాతీ నలభై, చేతి పొడవు ఇరవై అయిదున్నర. వెళ్లిన ప్రతిసారీ కొలిచి, పక్కన తేదీ వేసింది. సూపరింటెండెంటు పేజీ వెనక్కి తిప్పారు. అక్కడా కొలతలే ఉన్నాయి. ఆయన ముఖం వికసించింది.

“నా సర్వీసులో ఇంత పక్కా సాక్ష్యం చూడలేదు. ఇది మా దగ్గరే ఉంటుంది,” అని ప్రతి పేజీ మీదా గుండ్రటి ముద్ర వేశారు. “ఇక రెండో భాగం. వచ్చిన మనిషి తిరిగి వెళ్తాడని రుజువు చెయ్యాలి.”

“వెళ్తాడండీ. అక్కడ ఉద్యోగం ఉంది.”

“తన చేతి పొడవు కూడా భార్య రాసి పెట్టుకున్న ఇంటి నుంచి ఎందుకు వెళ్తాడమ్మా? మీ మొదటి భాగం మరీ బలంగా ఉంది. దానివల్ల రెండోది దెబ్బతింటోంది.”

పిన్ని కుర్చీ ముందుకు లాక్కుంది. “రాసుకోండి. పోయినేడు నేనూ అక్కడికి వెళ్లి పది రోజులున్నాను. మా అల్లుడు నా వంట రెండు పూటలు తిన్నాడు. మూడో పూట నుంచి రేవులో డబుల్ డ్యూటీ అడిగి వేయించుకున్నాడు. ఇక్కడ కూడా వంట నాదే.”

“సంతకం పెడతారా?”

“వండేదాన్ని నేను. నేను కాక ఇంకెవరు పెడతారు?”

పెట్టింది. ఫైలు పరిశీలనకు వెళ్లింది.

ఇరవయ్యో రోజు మంత్రిగారి పీఏ దుకాణానికి వచ్చాడు.

“శుభాకాంక్షలమ్మా. రేపు సాయంత్రం నాలుగింటికి ఎయిర్‌పోర్టులో మీ ఆయనకి మంత్రిగారు స్వయంగా స్వాగతం చెబుతున్నారు.”

“వీసా వచ్చిందాండీ?”

“వీసా పరిశీలనలో ఉంది. స్వాగతం ఖరారైంది.”

“ఆయన అక్కడే ఉన్నారు కదండీ. పొద్దున్న కూడా మాట్లాడాను.”

“ఆయన్ని ఇబ్బంది పెట్టం. ఆ కోటు ఇస్తే చాలు.”

గోడకి నీలం కోటు వేలాడుతోంది. భర్త విమానం దిగేటప్పటికి తయారుగా ఉండాలని, ప్రకటన విన్న వారంలోనే కుట్టింది.

“ఎవరు వేసుకుంటారు?”

“మంత్రిగారి డ్రైవరు. నమ్మకస్తుడు.”

“మరి మా అమ్మాయి ఎవరి పక్కన నిలబడాలయ్యా?” అంది పిన్ని.

“కోటు పక్కనమ్మా.”

“ఇంత తతంగం బదులు ఆ వీసా ఏదో ఇచ్చెయ్యొచ్చు కదా.”

“వీసా ఇవ్వడం శాఖ పని. ఇరవై ఒక్క రోజులన్నది మంత్రిగారి మాట. ఆ రెండింటినీ కలపకండి.” పీఏ గొంతు తగ్గించాడు. “స్వాగతం బాగా జరిగితే ఫైలు కదులుతుంది.”

ఆ ఒక్క ముక్క కోసం ఆమె కోటు దించి ఇచ్చింది.

స్వాగతం బాగా జరిగింది. నాలుగు గంటలకు డ్రైవరు ఖాళీ సూట్‌కేసు తోసుకుంటూ రాకపోకల గేటులోంచి బయటికి వచ్చాడు. కోటు చేతులు అతని వేళ్లు దాటి వేలాడుతున్నాయి. మంత్రిగారు కరచాలనం చెయ్యబోయి, ఆ చేతిలో చెయ్యి ఎక్కడుందో కాసేపు వెతికారు.

“ప్రయాణం ఎలా జరిగింది?” అని అడిగారు.

“బాగా జరిగింది సార్. మీరు వెనక సీట్లో నిద్రపోయారు,” అన్నాడు డ్రైవరు.

ఆనందంతో అతిథికి మాట తడబడిందని విలేకరులు రాసుకున్నారు. ఫొటో కోసం పక్కకి జరిగినప్పుడు డ్రైవరు ఆమెతో మెల్లిగా అన్నాడు. “ఏమీ అనుకోకండమ్మా. ఇంట్లో నాకు పెళ్లాం ఉంది. రేపు పేపరు చూసిందంటే నా పని అయిపోతుంది.”

“మా ఆయన కూడా చూస్తాడన్నా,” అంది ఆమె.

ఆయన చూశాడు. మర్నాడు ఫోను చేశాడు.

“కోటు బాగా కుదిరింది. నేనే కాస్త పొట్టయ్యాను. ఇంతకీ నేను మళ్లీ ఎప్పుడొస్తున్నాను?”

“నవ్వించకండి. కుట్టు దగ్గర కూర్చున్నాను, సూది గుచ్చుకుంటుంది.”

వారం తరవాత శాఖ నుంచి లేఖ వచ్చింది. మీ భర్త ఇదివరకే దేశంలోకి వచ్చి ఉన్నందున వీసా అవసరం లేదు, దరఖాస్తు ముగించడమైనది, అని అందులో ఉంది. ఆమె లేఖ పట్టుకుని మూడో నంబరు గదికి వెళ్లింది. సూపరింటెండెంటు పేపరు కత్తిరింపు చూపించారు.

“మంత్రిగారే దగ్గరుండి లోపలికి తీసుకొచ్చారు కదమ్మా.”

“అతను మంత్రిగారి డ్రైవరండీ.”

“అంటే రోజూ ఎక్కే కారు డ్రైవర్ని మంత్రిగారు గుర్తుపట్టలేదంటారా? రాసివ్వండి, పైకి పంపిస్తాను.”

ఆమె రాసివ్వలేదు. “పుస్తకం మీ దగ్గరే ఉంది. అతన్ని పిలిచి కొలవండి,” అంది.

సూచన సహేతుకంగా ఉందని ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. డ్రైవర్ని పిలిపించారు. శాఖలో టేపు లేకపోతే ఆమెదే అడిగి తీసుకున్నారు. ముగ్గురూ విడివిడిగా కొలిచారు. చేతి పొడవు ముగ్గురికీ ఇరవై మూడే వచ్చింది. ఆ తరవాత తలుపు వేసుకుని రెండు గంటలు చర్చించారు. ఫొటో మంత్రిగారి అధికారిక కార్యక్రమానిది. పుస్తకం ఒక ప్రైవేటు వ్యక్తిది. రెండింట్లో ఏది తప్పయ్యే వీలుందో దాన్ని సరిదిద్దాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. సూపరింటెండెంటు ఎర్ర సిరాతో ఇరవై అయిదున్నర కొట్టేసి, పక్కన ఇరవై మూడు వేసి, సంతకం చేశారు.

“ఇప్పుడు తేడా ఏమీ లేదమ్మా.”

“మరి మా ఆయన సంగతి?”

“ఈయన తిరిగి వెళ్లాక కొత్త దరఖాస్తు పెట్టుకోండి. ఒకేసారి ఇద్దర్ని అనుమతించే నిబంధన లేదు.”

ఆ శుక్రవారం మంత్రిగారు అతిథికి వీడ్కోలు చెప్పారు. డ్రైవరు నీలం కోటుతో గేటులోకి వెళ్లాడు. మంత్రిగారు ఇంకా చెయ్యి ఊపుతుండగానే సిబ్బంది కోసం ఉన్న గేటులోంచి బయటికి వచ్చి అతనే కారు తలుపు తీశాడు. సోమవారం ఆమె కొత్త దరఖాస్తు పెట్టింది. పిన్ని తన వంట గురించి మళ్లీ సంతకం చేసింది. రేవు పట్టణంలో ఉన్న వీసా కార్యాలయానికి భర్తని పిలిచారు. వేలిముద్రలు తీసుకున్నారు, ఫొటో తీశారు. తరవాత టేపు తీశారు.

ఇరవయ్యో రోజు ఉదయం ఎనిమిది గంటలకు డ్రైవరు కోటు తిరిగివ్వడానికి దుకాణానికి వచ్చాడు. ఆమె కుట్టు మిషను అంచు పట్టుకుని నిలబడి ఉంది. నొప్పులు మొదలయ్యాయి. అతను కోటు పిన్ని చేతిలో పెట్టి, ఇద్దర్నీ మంత్రిగారి కారులో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

“మీరు ఈమెకి ఏమవుతారు?” అని నర్సు అడిగింది.

“రికార్డు ప్రకారం భర్తనండీ. మామూలుగా డ్రైవర్ని.”

నర్సు మొదటిది రాసుకుంది.

పదిన్నరకి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు. పిన్ని ఫోను ఎత్తి పట్టుకుంది. అవతల క్రేను క్యాబిన్‌లో కూర్చున్న ఆయన బిడ్డని చూశాడు. వేలాడుతున్న కంటైనరు దించమని కింద నుంచి ఎవరో అరుస్తుంటే, “ఒక్క నిమిషం,” అన్నాడు.

పదకొండు గంటల పది నిమిషాలకు మంత్రిగారు జంట స్వాగతం ఫలితాలు ప్రకటించారు. వచ్చిన అతిథి ఒకరు. గడువులోగా తిరిగి వెళ్లిన అతిథి ఒకరు. విజయం వంద శాతం.

మధ్యాహ్నం మూడు గంటలకు శాఖ లేఖ ఆసుపత్రికే వచ్చింది. ఇరవై ఒక్క రోజులకు ఒక రోజు ముందే వచ్చింది. వీసా కోరిన వ్యక్తి చేతిని మా విదేశీ కార్యాలయంలో మూడుసార్లు కొలవగా ఇరవై అయిదున్నర అంగుళాలు వచ్చింది, శాఖ రికార్డు ప్రకారం మీ భర్త చేతి పొడవు ఇరవై మూడు, కనుక ఆ వ్యక్తి మీ భర్త కాదని తేలింది, వీసా నిరాకరించడమైనది, అని ఉంది.

ఆమె లేఖ రెండుసార్లు చదివింది. సంచిలో టేపు ఉంటే ఇమ్మని పిన్నిని అడిగి, బిడ్డ చేతిని కొలిచింది. కొలతల పుస్తకం శాఖలో ఉంది. లేఖ వెనక్కి తిప్పింది. వెనక ఏమీ రాసి లేదు. చేతి పొడవు ఆరుంపావు అని రాసి, పక్కన తేదీ వేసింది.