రెండు రోజుల్లో పెరగని క్రిమి

నోట్లోని పన్ను మనిషి సొంతమే అయినా, దాని వేరు ఏ శాఖ పరిధిలోకి వస్తుందో నాగరికత ఇంతవరకు తేల్చలేదు.

మా అక్క రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ల రాకపోకలు చెబుతుంది. ఆమె దవడ వాచింది. మాట ముద్దయింది. (ప్రయాణికుల్లో ఎవరూ తేడా గమనించలేదు.) పన్ను వేరు శుభ్రం చేసి సిమెంటు పెట్టారు, వాపు తగ్గి మళ్లీ వచ్చింది. పన్ను పీకారు, వాపు పక్క పన్ను కిందికి మకాం మార్చింది. దాన్నీ పీకారు. మూడోదానికి తేదీ ఇచ్చేసరికి అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పళ్లు లేకుండా తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫారం అని ఎలా పలకనురా? ఉద్యోగం ఊడుతుంది."

కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఆలోచనలో పడింది. "ఇది మామూలు చీము కాదేమోనండీ. అరుదైన బ్యాక్టీరియా అయ్యుండొచ్చు. నెమ్మదిగా పెరుగుతుంది. చీమును ల్యాబ్‌లో రెండు వారాలైనా ఉంచి చూద్దాం. అందాకా పన్ను జోలికి పోవద్దు."

చీము ల్యాబ్‌కు వెళ్లింది. అక్కడ నమూనాల గడువు అధికారి (అలాంటి పదవి ఉంది, దానికో గది కూడా ఉంది) నిబంధన వినిపించాడు.

"రెండు రోజుల్లో పెరగనిది లేనట్టే. కంప్యూటర్ 'ఏమీ లేదు' అంటుంది, మేం పారేస్తాం."

"అది బద్ధకపు క్రిమి సార్" అంది వెంట వెళ్లిన డాక్టరమ్మ.

"బద్ధకస్తులకు ఇక్కడ చోటు లేదమ్మా" అన్నాడాయన, మూడో టీకి లేస్తూ. "గడువు పొడిగించాలంటే ఇదివరకు ఈ జబ్బు ఇక్కడ ఎవరికైనా వచ్చినట్టు రుజువు తేవాలి."

"అరుదైనది కదండీ, ఎక్కడినుంచి తేను?"

"అయితే పొడిగించం."

అదృష్టవశాత్తూ మర్నాడే కంప్యూటర్ పాడైంది. అది 'ఏమీ లేదు' అనలేదు కనుక, నమూనాను పారేసే అధికారం ఎవరికీ లేకపోయింది. బాగుచేసేవాడు మూడో వారంలో వచ్చేలోగా క్రిమి తీరిగ్గా నిద్రలేచి గాజు పళ్లెమంతా కాపురం పెట్టింది. డాక్టరమ్మ అనుమానించిన బ్యాక్టీరియానే.

నెలల తరబడి మందులు మింగాక వాపు దిగింది. మూడో పన్ను దక్కింది. ఆ ఆనందంలో అక్క తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫారం గురించి రెండుసార్లు ప్రకటించింది. (అక్కడ రైలేమీ లేదు. అయినా జనం పరుగెత్తారు.)

అరుదైన క్రిమిని పట్టినందుకు ఆసుపత్రివారు ల్యాబ్‌కు సన్మానం చేశారు. తర్వాత అదే వాపుతో ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. డాక్టరమ్మ అక్క రిపోర్టును రుజువుగా పట్టుకుని ల్యాబ్‌కు పరుగెత్తింది. అధికారి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అంత శ్రమ అక్కర్లేదమ్మా, కొత్త కంప్యూటర్ తెప్పించాం. ఇప్పుడు ఒక్కరోజులోనే 'ఏమీ లేదు' అని చెప్పేస్తోంది."