మునస్వామి మౌసుకు పట్టిన అప్‌గ్రేడు

మీ కంప్యూటర్ బాగా పనిచేస్తున్నదా? అయితే వెంటనే అప్‌గ్రేడ్ చేయించండి! బాగా పనిచేసే వస్తువును అలాగే వాడుకోవడం కన్నా బద్ధకం ఇంకొకటి లేదు.

కొత్త ఆపరేటింగ్ సిస్టం వేస్తే ఏం లాభమని గొణిగేవాళ్లున్నారు. ఎన్నని చెప్పేది? ప్రింటర్ మూగబోతుంది, కాగితం మిగులుతుంది. తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోతాయి, శుభలేఖలో ఎవరి పేరు ముందు వేశారో తెలియక వియ్యంకులు సఖ్యంగా ఉంటారు. పైగా తెరమీద పచ్చగడ్డి కొండ ఒకటి ఉచితం. ఎండాకాలంలో మన తిరుపతిలో అంత పచ్చటి కొండ చూపించండి చూద్దాం!

తిరుపతి కొర్లగుంటలో ఉండే మునస్వామికి ఈ జ్ఞానం లేదు. ఆయన రిటైరైన బస్సు కండక్టర్. ముప్పై ఏళ్లు కుడిచేత్తో టికెట్లు చింపి ఇచ్చిన మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆ చెయ్యే పడిపోయింది. ఎడమచేత్తో డబ్బులిస్తే అంగడాయన మొహం చిట్లించాడని అంగడికి పోవడం మానేశాడు. ఎడమచేత్తో ప్రసాదం పట్టలేక గుడికి పోవడం మానేశాడు. పెళ్లి విందుల సంగతి సరేసరి.

కూతురు పల్లవి ఉద్యోగానికి చెన్నై పోతూ తన పాత కంప్యూటర్ ఆయనకిచ్చి, మౌసు బటన్లను ఎడమచేతి చూపుడువేలికి అందేలా అటూ ఇటూ మార్చిపెట్టింది.

"ఇది ఏ చెయ్యని అడగదు నాయనా, ఆడుకో."

అంతే! పొద్దున కాఫీ తాగి పేకముక్కల ఆటకు కూర్చుంటే మునస్వామి మళ్లీ మనిషయ్యాడు. గెలిచిన రోజు పాటలు కూడా పాడేవాడు. ఒక మనిషికి ఇంత సుఖం మంచిదేనా, మీరే చెప్పండి.

ఇలాంటి అనర్థాలను ఆపడానికే దేవుడు కంప్యూటర్ మెకానిక్కులను పుట్టించాడు. 2002లో ఆయుధపూజ రోజు మునస్వామి అక్క కొడుకు చక్రధర్ సీడీ పట్టుకొని దిగాడు. ఆ పొద్దు మొదలుపెట్టిన కొత్త పనికి తిరుగుండదని వాళ్ల నమ్మకం. మానిటర్‌కు గంధం రాశాడు, సీపీయూకు కుంకుమబొట్టు పెట్టాడు, నిమ్మకాయ కోశాడు. ఆపైన లోపల ఉన్నదంతా తుడిచేసి కొత్త సిస్టం వేశాడు. పూజలో ఏ లోటూ చేయలేదు పాపం!

పేకముక్కల ఆట తెరిచి మామను కూర్చోబెట్టాడు. మునస్వామి మౌసు మీద ఎడమచెయ్యి వేసి చూపుడువేలితో నొక్కాడు. ముక్క కదల్లేదు. మళ్లీ నొక్కాడు.

"ఏమప్పా ఇది? పట్టుకుంటే రాలేదే!"

"కుడిచెయ్యి పెట్టు మామా. పండగపూట ఎడమచెయ్యేంది? అంతా డిఫాల్టులో పెట్టినా. లోకమంతా అట్లే ఆడతాది."

మేనమామ కుడిచెయ్యి ఎప్పుడూ తుండుగుడ్డ కిందే ఉంటుంది. అది నయమైపోయిందనే అనుకున్నాడు చక్రధర్. కాలేదని నోరు తెరిచి చెప్పాలంటే మునస్వామికి ప్రాణం పోయినంత పని. "బాగుండాదిలే" అని లేచిపోయాడు.

మామకు ఆ ఆట మొహం మొత్తిందనుకొని చక్రధర్ కారు రేసు, తుపాకుల ఆట, విమానాల ఆట వేసిపెట్టాడు. ఎంత దయ! అన్నీ రెండు చేతులూ ఆడాల్సినవే.

మూడు రోజులు మునస్వామి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పల్లవికి ఫోన్ చేస్తానంటే భార్య చంద్రకాంతమ్మను కసిరాడు. నాలుగో రోజు ఆమె నేలమీద సుద్దతో పులిజూదం గీసింది. పులులకు వక్కలు, మేకలకు చింతగింజలు.

"లెయ్యయ్యా, ఆడదాం."

"యాడ ఆడేది? ఎడమచేత్తోనా? సిగ్గుగా ఉండాదే."

ఆమె తన కుడిచేతిని కొంగులో చుట్టేసుకుంది. ఎడమచేత్తో ఒక చింతగింజ తీసి గీతమీద పెట్టి కూర్చుంది. ఆయన చాలాసేపు ఆ గింజనే చూశాడు. కళ్లు తుడుచుకొని, ఎడమచేత్తో పులిని పెట్టాడు.

అంతలో ఇంకో కొత్త ఆట సీడీతో చక్రధర్ రానే వచ్చాడు.

"ఏందత్తా, ఇద్దరూ ఎడమచేతుల్తో ఆడతాండారు?"

"నువ్వేదో అంటివే డిఫాల్టని. మా ఇంట్లో ఇదేరా."

చక్రధర్‌కు అప్పుడు కనబడింది తుండుగుడ్డ కింద కదలని చెయ్యి. సీడీ పక్కన పెట్టి, తలవంచుకొని, "మామా, నువ్వు ఏ చేత్తో ఆడతావు?" అని అడిగాడు.

మౌసు బటన్లు మార్చడానికి పట్టింది అర నిమిషం. ఆ మాట అడగడానికి నాలుగు రోజులు.