కారు లేనివాడి కారు బీమా

అరువు తెచ్చుకున్న కారుకు సొట్ట ఎప్పుడు పడినా సరే, పెట్టింది అరువు తెచ్చుకున్నవాడే. ఇది తేలిపోయిన విషయం. అప్పీలు లేదు.

అందుకే అంటున్నాను, కారు బీమా అత్యవసరంగా కావలసింది కారు లేనివాళ్ళకే!

ఈ జ్ఞానం నాకు ఫోనులో వచ్చింది. ఇన్సూరెన్స్ అమ్మే పిల్ల, పేరు మహిత.

"నాకు కారు లేదు తల్లీ," అన్నాను.

"యాడికన్నా పోవాలంటే ఇంకొకరి కారు అడగరా సార్?"

"అడుగుతా."

"అట్లయితే రిస్కంతా మీదే కదా సార్!"

ఎంత మాట! మా ఊరి బడిలో ఇంత గొప్ప పాఠం ఎవరూ చెప్పలేదు.

ఆలోచించండి. కారున్నవాడికి భయమేమిటి? కొన్న రోజే కాణిపాకంలో పూజ చేయించి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కిస్తాడు. దేవుడూ కంపెనీ ఇద్దరూ అతని పక్షమే. మరి మనం? పెట్రోలు పోయాలి, కడిగి అప్పగించాలి, "ఏసీ వేసినావా?" అంటే నేరస్థుడిలా నిలబడాలి. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుంది. అరువు కారు అద్దం విరిగితే? చుట్టరికం ఏ కట్టుకూ అతకదు!

కనుక కంపెనీలు వెంటనే పాత సొట్టల పాలసీ తేవాలి. తాళం చెవి అడిగినప్పుడు ఓనరు మాడ్చుకునే మొహానికి వేరే కవరు ఉండాలి.

సొట్ట ఎప్పటిదో తేల్చే బీమా సర్వేయరు ఖర్చు కూడా లేదు. మా వైపు తగువు తెగకపోతే కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. ఆయన ముందు అబద్ధమాడి బాగుపడినవాడు లేడని నమ్మకం.

నా భార్య నాగరత్నమ్మకు ఆయాసం ఎక్కువైన రోజు, ఆమె తమ్ముడు మునిచంద్రను కారు అడిగి, నేనే తిరుపతి ఆసుపత్రికి తోలాను. కారు తిరిగి వచ్చింది. ఆమె రాలేదు.

దినకర్మ నాడు, విస్తళ్ళు వేస్తుండగా, మునిచంద్ర నన్ను వీధిలోకి పిలిచాడు.

"సూడు బావా, డోరుకు సొట్ట పడిండాది. యాడ తగిలించినావు?"

"నేను కాదబ్బా. అది ముందే ఉండాది."

"ఆ మాట కాణిపాకంలో చెప్తావా?"

చెప్పాను. తలస్నానం చేసి, వినాయకుడి ముందు నిలబడి చెప్పాను. అక్కడికి అదే కారులో తీసుకెళ్ళాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనక కూర్చోమన్నాడు. దిగేటప్పుడు డోరు మెల్లగా వేయమన్నాడు.

మహితమ్మా, సొట్టకు నీ దగ్గర పాలసీ ఉంటుంది. అక్క పోయిన ఇంటి ముందు నిలబడి, బావ భుజం తట్టవలసిన చెయ్యి కారు డోరును తడిమితే, దానికేమిస్తావు?

కాణిపాకం నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కాను. బస్సు సొట్టలకు ఎవరూ ప్రమాణం అడగరు.

ఈ సొట్ట సంగతి ఇక ఎత్తను. మునిచంద్రే వచ్చి అడిగినా సరే, ఎత్తను.