టేపూ త్రాసూ తెచ్చిన సారు

సహాయ వాణిజ్య పన్నుల అధికారి కేశవ ఆ రోజు పొద్దున వేసుకున్న లెక్కలో తప్పేమీ లేదు. ఏడున్నరకు అనంతపురంలో బస్సెక్కాలి. ఉరవకొండ దాటాక ఒక పల్లెలో ఉన్న తిప్పన్న వేరుశనగ మిల్లును తనిఖీ చేయాలి. మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చి సాయంత్రం ఐదులోగా రిపోర్టు పెట్టాలి. అది 2002 డిసెంబరు. ఆయన ప్రొబేషన్ అప్పటికే రెండుసార్లు పొడిగించారు. "యాడన్నా ఒక్కచోట దాచిన సరుకు పట్టుకోప్పా. ఈ పొద్దు రిపోర్టు పెడితే ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెడతా. లేదంటే మూడోసారి" అని పై అధికారి తేల్చి చెప్పాడు.

కేశవకు చదువులో కొదవ లేదు. వృక్షశాస్త్రంలో డిగ్రీ ఉంది. నాలుగో ప్రయత్నంలో గ్రూప్ టూ పరీక్ష గట్టెక్కాడు. ఉద్యోగంలో చేరాక శాఖ పెట్టిన పరీక్షలన్నీ పాసయ్యాడు. పన్ను చట్టంలో ఏ సెక్షన్ ఏ పేజీలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కాయల గుట్టను చూపించి ఎన్ని మూటలవుతాయని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తాడు. అందుకని పొడవాటి టేపు, కొక్కెం త్రాసు సంచిలో పెట్టుకున్నాడు. సంచి చాలక త్రాసు సగం బయటికి వేలాడింది.

తోడు వచ్చిన అటెండర్ యేసన్న ఇప్పటికి పదకొండుమంది అధికారులను చూసినవాడు. "ఆ త్రాసు ఇంటికాడ పెట్టి రావాల్సింది సార్" అన్నాడు బస్సులో.

"నువ్వు త్రాసు సంగతి వదిలేయ్. మనం ఎవరం, ఎందుకొచ్చినాం అని ఊర్లో ఎవరడిగినా నోరు తెరవొద్దు. ఆకస్మిక తనిఖీ అంటే అదే" అన్నాడు కేశవ. యేసన్న తలూపాడు.

కేశవకు తెలియనిది ఒకటుంది. ఆ మెట్ట పల్లెల్లో టేపూ త్రాసూ పట్టుకుని బస్సు దిగే మనిషంటే పంట ఎంత పోయిందో కొలిచి రాసుకునే కరువు సారే. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరంతా రెండు నెలలుగా ఆ సారు కోసమే ఎదురుచూస్తోంది.

బస్సు దిగగానే మేకలు తోలుకుంటూ సిద్దమ్మ ఎదురొచ్చింది. ముందు త్రాసును చూసింది, తరువాత మనిషిని చూసింది. "ఏం సార్, కొలిచేదానికి వచ్చినారా?"

కేశవ గంభీరంగా "ఊఁ" అన్నాడు.

"ఎవురింట్లో ఎంత సరుకుండాదో సూస్తారా?"

"అన్నీ చూస్తాం."

"ఇండ్లలో మూటలు కనపడితే ఏం రాస్తారు సార్?"

"ఉన్నదున్నట్టు రాస్తాం" అన్నాడు కేశవ.

సిద్దమ్మ మేకలను అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తింది. యేసన్న నోరు తెరిచి, ఆదేశం గుర్తొచ్చి మూసుకున్నాడు.

మిల్లులో తిప్పన్న నిమ్మళంగా మజ్జిగ ఇప్పించాడు. ఆయన నిమ్మళానికి కారణముంది. కాయలు కొన్న మిల్లువాడే పన్ను కట్టాలి కనుక ఆయన కొన్నట్టు ఎక్కడా కనపడనిచ్చేవాడు కాదు. చీటీ రాయడు, సరుకు కదిలించడు. "మూటలు మీ ఇంట్లోనే ఉండనీ. అడిగినప్పుడు తెచ్చియ్యండి. దుడ్లు ఉగాదికి ఇస్తా" అని నోటిమాట మీద ఊరి పంటంతా బేరం చేసేవాడు. ఆ ఊరి ఇళ్ళే ఆయన గోదాము.

కేశవ గోదాము పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. గుమాస్తా జమాల్ సాబ్ టేపు రెండో కొస వినయంగా పట్టుకున్నాడు. పుస్తకంలో పదకొండు మూటలు, గోదాములో పదకొండు మూటలు. కేశవ మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు బయట బండి చప్పుడైంది. ఆంజినప్ప ఎద్దులబండి మీద పద్నాలుగు మూటలు తెచ్చి దించడం మొదలుపెట్టాడు. "అన్నా, నీ సరుకు నీకాడే పెట్టుకో. ఇంట్లో మూటలు కనపడితే కరువు లేదని రాసుకుపోతారంట" అంటూ రెండో మూట భుజానికెత్తుకున్నాడు.

తిప్పన్న మొహం పాలిపోయింది. ఆయన కేశవ వెనక నిలబడి, వెనక్కి పొమ్మని రెండు చేతులూ ఊపాడు. అప్పటికే వీధి మలుపులో ఉన్న మిగతా బండ్లవాళ్ళు తొందరగా రమ్మంటున్నాడనుకుని ఎద్దులను అదిలించారు. ఆయన ఎంత ఊపితే వాళ్ళు అంత వేగంగా వచ్చారు. బండ్లు లేనివాళ్ళు నెత్తిన మోసుకొచ్చారు. గంటలో మిల్లు ముందు నూట అరవై రెండు మూటలు నిలిచాయి. కేశవ త్రాసు చేత్తో పట్టుకుని, తన ఉద్యోగం బండ్లెక్కి రావడం కళ్ళారా చూశాడు.

సిద్దమ్మ చివరి మూట దించి చెమట తుడుచుకుంది. "ఇండ్లన్నీ ఖాళీ సార్. ఇంగ వచ్చి సూసి కరువు రాసుకోండి."

"అమ్మా, నేను కరువు సారును కాను. పన్నుల ఆఫీసు నుంచి వచ్చినా" అన్నాడు కేశవ.

ఊరంతా తిప్పన్న వైపు తిరిగింది. తిప్పన్న నేల వైపు చూశాడు.

"ఈ మూటలెవరివి?"

"రైతులవి సార్!" తిప్పన్న చప్పున తేరుకున్నాడు. "పొట్టు తీయించుకునేదానికి తెచ్చినారు. నాకూ వీటికీ ఏం సంబంధం లేదు."

"మావైతే ఉగాదికి దుడ్లు ఇస్తానని యాలంటివప్పా?" అంది సిద్దమ్మ.

కేశవకు అంతా అర్థమైంది. జేబులోంచి పెన్ను తీశాడు. యేసన్న దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "కేసు తేలేదాకా మూటలకు సీలేస్తారు సార్. పోయిన మిల్లులో మూడేండ్లు పట్టింది. సీలు తీసేనాటికి పురుగులే మిగిలినాయి."

ఆ మాట సిద్దమ్మకు వినిపించింది. "సార్, దాంట్లో నా ఇత్తనాల మూటలు రెండుండాయి. ఇంట్లో ఉండేటివన్నీ తెచ్చేసినా. ఆ రెండు మూటలూ పోతే వాన పడినా ఏం ఇత్తాల?"

కేశవకు ఆమె మీద జాలి కలిగింది, తన మీద అంతకన్నా ఎక్కువ కలిగింది. ఈ కాయలు ఎవరికి అమ్మినారని రైతులను ఇంకొక్క ప్రశ్న వేస్తే చాలు. మూడు సంవత్సరాలుగా ఎదురుచూస్తున్న సంతకం ఐదింటికల్లా దక్కుతుంది. ఆయన పెన్ను మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"తిప్పన్నా, ఇవి నీవి కావని రాసిస్తావా?"

"పది సంతకాలు పెడతా సార్!"

జమాల్ సాబ్ ఒక్కడికే విషయం తట్టింది. "అన్నా, కొంచెం ఆలోచన చేసి..." అన్నాడు.

"నువ్వూరుకో సాబూ. నీకు చట్టం తెలీదు" అని తిప్పన్న కాగితం లాక్కుని సంతకం పెట్టాడు. సాక్షిగా జమాల్ సాబ్ చేత కూడా పెట్టించాడు.

కేశవ కాగితం పైకెత్తి అందరికీ వినపడేలా చదివాడు. నూట అరవై రెండు మూటలూ రైతులవే, మిల్లు యజమానికి వాటిమీద ఏ హక్కూ లేదు.

సిద్దమ్మ తన మూట మీద చెయ్యి వేసింది. "అంటే, ఎవురివి వాళ్ళు తోలుకపోవచ్చునా సార్?"

"ఆయనే రాసిచ్చినాడు కదమ్మా."

బండ్లు తిరిగాయి. నెత్తిన మోసుకొచ్చినవాళ్ళు మళ్ళీ మూటలు నెత్తికెత్తుకున్నారు. తిప్పన్న నాలుగడుగులు వాళ్ళ వెంట పోయి, కేశవ చేతిలోని కాగితం చూసి ఆగిపోయాడు. "సార్, సగమన్నా నావని రాసుకుంటే..."

"పన్ను కడతావా?"

తిప్పన్న మజ్జిగ గ్లాసులు తీయించడానికి లోపలికి పోయాడు.

మధ్యాహ్నం బస్సు వేళకే వచ్చింది, రిపోర్టు ఐదుకు ముందే చేరింది. దాచిన సరుకు దొరకలేదని అందులో ఉంది. మిల్లు ముందు చూసిన నూట అరవై రెండు మూటల సంగతీ, తిప్పన్న రాసిచ్చిన కాగితమూ ఉన్నాయి. పై అధికారి రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తరువాత ప్రొబేషన్ మూడోసారి పొడిగిస్తూ, కారణం రాయాల్సిన చోట ఒకే వాక్యం రాశాడు.

"వృక్షశాస్త్రంలో పట్టా ఉన్నప్పటికీ, ఈ అధికారి వేరుశనగను గుర్తుపట్టలేకపోతున్నాడు."