డెబ్బై అయిదు డిగ్రీల జీవితం

గడియారం ఉన్నది టైం చూసుకోవడానికి అనుకుంటున్నారా? అయ్యో, ఎంత అమాయకులండీ మీరు! అది కోణం కట్టడానికి!

నేను ఉద్యోగం పరీక్ష రాసి రెండేళ్లయింది. రిజల్ట్స్ రాలేదు. ఈ నెలాఖరుకి నా వయసు పరిమితి దాటిపోతుంది. ఆ తర్వాత ఇంకో పరీక్ష రాద్దామన్నా రాయనివ్వరు. అయినా నాకేం దిగుల్లేదు! ఆ పరీక్ష పుణ్యమా అని గడియారం లెక్కలు వంటబట్టాయి. గంటల్ని ముప్ఫైతో, నిమిషాల్ని అయిదున్నరతో హెచ్చవేసి తేడా తీస్తే ముళ్ల మధ్య కోణం వచ్చేస్తుంది. మనిషి బతకడానికి ఇంకేం కావాలి?

మొన్న మా ఆవిడ వంటింట్లోంచి "టైమెంతయిందండీ?" అని కేకేసింది.

"డెబ్బై అయిదు డిగ్రీలు!" అన్నాను ఠపీమని.

తనే వచ్చి గోడకేసి చూసుకుంది. "నా ఖర్మ! మూడున్నర! పాపని బడి నుంచి తేవద్దూ?" అంటూ చెప్పులేసుకుని పరిగెత్తింది. వస్తూ వస్తూ ముళ్లు లేని డిజిటల్ గడియారం కొనుక్కొచ్చింది. కట్టుకున్నవాడి చదువు మీద ఇంత కక్షా?

సెలూన్ అద్దంలో గడియారం తిరగబడి కనిపిస్తుంది. మీరైతే వెనక్కి తిరిగి చూస్తారు. నేను అద్దంలో కనిపించే టైముని పన్నెండులోంచి తీసేస్తాను! మొన్న గడ్డం గీయించుకుంటూ, లెక్క కుదిరిన సంబరంలో తల ఎగరేశాను. సగం మీసం ఎగిరిపోయింది.

"కదలొద్దని మొత్తుకున్నాను కదండీ!" అని సెలూన్ ఆయన లబలబలాడాడు. పోనిద్దురూ, మీసం మళ్లీ మొలుస్తుంది. పరీక్షలో ఒక్కో ప్రశ్నకిచ్చే నలభై సెకన్లలో జవాబు మొలుస్తుందా?

ఆ సగం మీసంతోనే నిన్న పరీక్షలు పెట్టే ఆఫీసుకి వెళ్లాను. గుమస్తాగారు సీట్లో లేరు. గోడ మీద గడియారం ఉంది. ఊరికే కూర్చోవడం దేనికని కోణం కట్టాను. డెబ్బై అయిదు. బయట టీ తాగొచ్చి మళ్లీ కట్టాను. డెబ్బై అయిదే! లెక్క తప్పుతోందేమోనని చెమటలు పట్టాయి.

అప్పుడొచ్చారు గుమస్తాగారు. "అది ఆగిపోయి చాన్నాళ్లయిందండీ. బ్యాటరీ కోసం పైకి రాశాం, రావాలి."

"మరి రిజల్ట్స్?"

"అవీ రావాలి."

అయ్యా, పరీక్షలు పెట్టే పెద్దలూ! మీరు అడిగినవన్నీ చేశాను. ఇప్పుడు నాదొక్క లెక్క. మీ గోడ మీద గడియారం ఆగిపోయింది. నా వయసు ఆగడం లేదు. ఈ రెండూ ఎప్పుడు కలుస్తాయి?

నలభై సెకన్లు అక్కర్లేదు, నెలాఖరు దాకా ఆలోచించుకోండి. తప్పు రాస్తే మీలాగా మార్కులు కోయను. ఏదో ఒకటి చెప్పండి చాలు!