సోఫాలో ఉన్నది చిట్టెలుకా, తుమ్మెదా?

డాక్టరమ్మగారి సోఫాకు మధ్యాహ్నంలోగా కొత్త గుడ్డ వేసి అప్పగించేసి, భోంచేసి ఓ కునుకు తీయాలని ఆ ఉదయం సోఫాల మేస్త్రి అనుకున్నాడు. ఏళ్ల తరబడి ఆవిడగారి షెడ్డులో పడి ఉన్న సోఫా అది. "మా మావగారిదండీ. జాగ్రత్త" అని ఆవిడ మరీమరీ చెప్పి దింపించింది. మేస్త్రి సుత్తి పట్టుకుని వంగాడో లేదో, లోపల ఏదో గురగురలాడింది.

"చిట్టెలుక" అంది భార్య, గుమ్మంలోంచే. "అడుగున ఆ బెజ్జం చూడండి. ఎలుక కొట్టింది కాకపోతే నా పేరు మార్చుకుంటా."

టీకని వచ్చిన బావమరిది బెజ్జానికి చెవి ఆనించాడు. "ఎలుకైతే కిచకిచమనాలక్కా. ఇది జుమ్మంటోంది. తుమ్మెద."

"తుమ్మెద దూది కొరుకుతుందట్రా?"

"మరి ఎలుక పాట పాడుతుందా?"

"ఏదైతేనేం, రెండిటికీ బొచ్చేగా!" అన్నాడు మేస్త్రి, రాజీ కుదురుద్దామని. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆయన వంక జాలిగా చూశారు.

ముందుగా భార్య మాటే నెగ్గింది. పక్కింటి పిల్లిని తెచ్చి బెజ్జం ముందు కూర్చోబెట్టారు. పిల్లి తాపీగా లోపలికి పంజా పెట్టింది. మరుక్షణం కెవ్వున ఎగిరి, వార్నిష్ డబ్బాను సోఫా మీదికి తన్నేసి, కిటికీలోంచి మాయమైంది.

"చెప్పానా బావా! కుట్టింది!" బావమరిది ముఖం వెలిగిపోయింది. తుమ్మెదలకు పొగే మందంటూ, వద్దు వద్దంటున్నా వినకుండా తడి గోనెసంచి ముట్టించాడు. పొగకు తుమ్మెదలు రాలేదు. ఫైరింజను వచ్చింది.

"మంటల్లేవండీ! లోపలున్నది తుమ్మెదండీ! ఎలుకైనా అయ్యుండొచ్చండీ!" అని మేస్త్రి మొత్తుకుంటూనే ఉన్నాడు, వాళ్లు గొట్టం విప్పేశారు.

నీళ్ల ధాటికి సోఫా పొట్ట పగిలింది. లోపల దూది పీకి కట్టుకున్న ఎలుక గూడు కనిపించింది. ఎలుక ఎప్పుడో ఖాళీ చేసి పోయిన ఆ ఇంట్లో తుమ్మెదలు కాపురం పెట్టాయి. తడిసిన రెక్కలు విదిల్చుకుంటూ అవి ఒక్కొక్కటే పెరట్లోకి ఎగిరిపోయాయి.

"ఇద్దరం గెలిచాం!" అన్నాడు బావమరిది.

మేస్త్రికి తండ్రి నుంచి వచ్చిన పని, చేతికున్న పేరు, అన్నీ ఆ దూదితో పాటే కాలువలో కొట్టుకుపోతున్నట్టు అనిపించి అక్కడే బురదలో చతికిలబడ్డాడు.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. మేస్త్రి చేతులు జోడించాడు. ఆవిడ సోఫా వంక చూసింది.

"ఇది... ఇంక బాగవదా?"

"అవదండీ."

"వేరే ఎవరైనా బాగు చెయ్యగలరా?"

"ఎవరి వల్లా కాదండీ" అన్నాడు, తల వంచుకుని.

ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. "మా ఆయన దీన్ని బాగు చేయించి హాల్లో వేయిద్దామన్నారండీ. పెళ్లయిన దగ్గర్నుంచీ దీంతో వేగుతున్నాను" అంటూ మేస్త్రి తడి చేతులు పట్టుకుంది. "మీ మేలు మరిచిపోను."

మర్నాడు పొద్దున్నే మావగారి మంచం మరమ్మతుకు వచ్చింది.